ఓడ ప్రయాణమునకు సొంత సీసా

రాయదుర్గమునకు సముద్రము లేదు. మేము చెప్పుచున్నది అనంతపురపు సీమలో కోటకు పేరుగన్న రాయదుర్గమును గూర్చి కాదు. హైదరాబాదునకు పడమట, గోలకొండకు ఆవల, హైటెక్ సిటీని ఆనుకొనియున్న రాయదుర్గమును గూర్చి. ఇచ్చటినుండి ఏ దిక్కునకు పోయినను తీరము 250 కిలోమీటర్లకు పైబడిన దూరముననే యున్నది. అయినను 1998 లో సైబర్ టవర్స్ వెలసిన తరువాత ఈ రాతిగుట్టల నడుమ కార్యాలయములు పెరిగినవి. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గము చేరినది. బిడ్డలలో ఒకరైనను సముద్రమునకావల ఉద్యోగము చేయుచున్న యిండ్లు ఈ చుట్టుపట్ల అనేకము. అట్టి యిండ్లలో విహారనౌక యెక్కి నాలుగు దినములు సముద్రముపై గడపి వచ్చుట ఇప్పుడు వింత కాదు. 2022 జూనులో ఎంప్రెస్ అను నౌక విశాఖపట్నమునకు వచ్చి ప్రయాణికులను ఎక్కించుకొనినది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవునందు అట్టి నౌకలకై ప్రత్యేకముగా ఒక ప్రయాణికుల భవనము తెరువబడినది.

ఇట్టి ప్రయాణమునకు సామాను సర్దుకొనునపుడు కొన్ని కుటుంబములలో ఒక ప్రశ్న పుట్టును. ఇంటిలో మంచి వైను సీసా ఒకటి యున్నది. దంపతుల పెండ్లిరోజు ఓడలోనే రానున్నది. ఆ సీసాను వెంట తీసికొని పోవచ్చునా? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము తెలియక సీసా పోగొట్టుకొనినవారు కలరు. సీసాతోపాటు ప్రయాణమును చెడగొట్టుకొనినవారును కలరు. మద్యము సేవించుట మంచిదా కాదా అను విచారము ఇచ్చట మాకు ప్రస్తుతము కాదు. త్రాగని వారికిని ఈ నియమములతో పని కలదు. కుమారుడు తండ్రి పెట్టెలో సీసా పెట్టి పంపినచో, తనిఖీయందు పిలువబడునది ఆ పెట్టెపై ఎవరి పేరు గల చీటీ కట్టబడియున్నదో వారే. జన్మలో మద్యము ముట్టని పెద్దమనిషి నలుగురిలో సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చుట కంటె చిన్నతనము వేరొకటి యేమున్నది?

పూర్వము ఓడప్రయాణమున ఇట్టి ప్రశ్నయే లేదు. కాకినాడ, విశాఖపట్నము రేవులనుండి రంగూనునకు కూలికై, వ్యాపారమునకై వేలకొలది తెలుగువారు పోయెడి దినములలో, సాధారణ ప్రయాణికునకు ఓడ ఇచ్చునది పైతట్టున పడుకొనుటకు కొంత చోటు మాత్రమే. చాప, చెంబు, అటుకులు, చద్దిమూట అతడే మోసికొని పోయెడివాడు. ఓడ అతనికి బండివంటిది. బండిలో మన మూట మనము విప్పుకొనుటకు ఎవరి అనుమతి కావలెను?

నేటి విహారనౌక బండి కాదు; అది నడచెడి విడిదియిల్లు. భోజనశాలలు, ఆటస్థలములు, ఈతకొలనులు, మద్యశాలలు అన్నియు అందే యుండును. విందుకు పిలిచిన యింటికి చద్దిమూట కట్టుకొని పోవుట మన సంప్రదాయమున మర్యాద కాదు. నౌకాసంస్థ దృష్టియందు సొంత సీసా ఇట్టిదే. అయితే విందుపెట్టు గృహస్థునకు గల అభిమానము మాత్రమే ఇచ్చటి కారణము కాదు. లాభము, భద్రత, సుంకము అను మూడును ఇందు కలిసియున్నవి. వీనిని తెలిసికొనినయెడల నియమములు వాటంతటవే బోధపడును.

మొదట నియమములను చూతము. అమెరికా రేవులనుండి బయలుదేరు పెద్ద నౌకాసంస్థలలో కార్నివాల్, రాయల్ కరీబియన్ వంటివి అవలంబించు పద్ధతి ఇంచుమించు ఒక్కటే. వయస్సు వచ్చిన ప్రయాణికుడు 750 మిల్లీలీటర్ల వైను సీసా నొకదానిని, మూత తీయనిదానిని, ఓడ యెక్కు మొదటి దినమున మాత్రమే తేవచ్చును. దానిని చేతిసంచిలో ఉంచుకొనవలెను గాని, కూలీలకు అప్పగించు పెద్ద పెట్టెలో పెట్టరాదు. ఆ రేవులనుండి సాగు నౌకలలో ఈ వయస్సు సాధారణముగా 21 సంవత్సరములు. విస్కీ, బ్రాంది, రమ్ము మొదలగు ఘాటైన మద్యములకు అనుమతి లేదు. నార్వీజియన్ సంస్థ వైను సీసాలకు ఇంత లెక్కయని పెట్టక, సీసా కొకటి చొప్పున రుసుము పుచ్చుకొనును. డిస్నీ సంస్థ పెద్దవారికి రెండు వైను సీసాలను గాని ఆరు బీరు డబ్బాలను గాని అనుమతించును. మార్గమధ్యమున ఆగిన రేవులందును ఇంతమేరకు తెచ్చుకొననిచ్చును. సొంత మద్యమును ఏ రూపమునను రానీయని నౌకలును కలవు. కావున ఒక నౌకలో చెల్లినది వేరొక నౌకలో చెల్లునని తలపరాదు.

తెచ్చిన సీసాను తన గదిలో త్రాగుట వేరు, భోజనశాలకు గొనిపోయి త్రాగుట వేరు. భోజనశాలలో పరిచారకుడు మూత తీసి, గాజుపాత్రలు తెచ్చి, వడ్డించును గనుక ఒక రుసుము విధింతురు. దీనిని ఆంగ్లమున కార్కేజి అందురు. మనము బిరడా రుసుము అనుకొనవచ్చును. ఇది అనేక నౌకలలో సీసాకు 15 డాలర్లు మొదలు 25 డాలర్ల వరకు ఉండుచున్నది. పది డాలర్ల సీసాకు పదునైదు డాలర్ల బిరడా రుసుము చెల్లించుట లెక్కకు సరిపడునా యని ముందుగనే చూచుకొనవలెను. ఇష్టమైన ప్రత్యేకపు సీసాకైనచో అది న్యాయమే; డబ్బు మిగుల్చుకొందమను తలంపుతో మోసినచో అది మోతచేటు.

నౌక ఆగిన ఊళ్లలో కొనిన మద్యము సంగతి యేమి? దానిని తిరిగి యెక్కునపుడు మెట్లయొద్దనే పుచ్చుకొని, చీటీ యిచ్చి, భద్రపరచి, ప్రయాణము ముగియు వేళకు తిరిగి యిత్తురు. ఇంటికి తీసికొనిపోవు కానుకగా అది మనదే. ఓడలో త్రాగుటకు మాత్రము కాదు. ఇక దొంగచాటున తెచ్చినదాని గతి వేరు. తలనూనె సీసాలలో, పుక్కిలించు మందు సీసాలలో మద్యము పోసి తెచ్చు యుక్తులు ప్రపంచమంతట కలవు. ఆ యుక్తులు తనిఖీదారులకును తెలియును. పెట్టెలన్నియు ఎక్స్‌రే యంత్రమునుండి పోవును. అనుమానము కలిగిన పెట్టె గదికి రాదు. దాని యజమానికి పిలుపు వచ్చును. పట్టుబడిన సీసాను కొన్ని సంస్థలు చివర తిరిగి యిచ్చును. కొన్ని పారవేయును, పరిహారము నీయవు.

ఇప్పుడు కారణములు. మొదటిది లాభము. టిక్కెట్టు ధరలో గది, భోజనము చేరియుండును. పానీయములు సాధారణముగా చేరియుండవు. టిక్కెట్టు ధర తక్కువగా కనబడుటకు ఒక కారణము, మిగిలిన సొమ్ము మద్యశాలలలోను దుకాణములలోను రాబట్టుకొను ఏర్పాటు. రెండవది భద్రత. రాత్రివేళ, ఊగుచున్న ఓడలో, కటకటాల ప్రక్కన నిలిచిన మనుష్యుడు ఎంత త్రాగియున్నాడో తెలిసికొనుట పరిచారకునికి అవసరము. తాను పోసినది అతడు లెక్కించగలడు, చాలునని ఆపగలడు. గదిలో దాచుకొని త్రాగినదానిని లెక్కించలేడు. కార్నివాల్ నౌకలలో ముందుగా సొమ్ము చెల్లించిన పానీయపు పథకము క్రింద సైతము ఒక దినమునకు 15 మద్యపానీయములకు మించి యీయరు. ఘాటైన మద్యమునకు అనుమతి లేక, ఒక్క వైను సీసాకు మాత్రము సడలింపు ఉండుటలోని అంతర్యము ఇందువలన తెలియుచున్నది.

మూడవ కారణము సుంకము. ఇది కొంచెము లోతైన విషయము. సముద్రముపై సాగు నౌక ఒక చట్టమునుండి వేరొక చట్టములోనికి ప్రవేశించుచుండును. మన దేశపు ప్రాదేశిక జలములు 1976 నాటి చట్టము ప్రకారము తీరమునుండి 12 నాటికల్ మైళ్లు. విదేశములకు పోవు నౌకలో వాడుకకై ఉంచిన దిగుమతి సరకులను, ఆ నౌక విదేశయానమునందున్నంత కాలము, సుంకము లేకుండ ఓడలోనే వాడుకొనవచ్చునని 1962 నాటి కస్టమ్సు చట్టము చెప్పుచున్నది. రేవునందు ఆగినపుడు అట్టి సరకుల గదికి సుంకపు అధికారులు ముద్ర వేయుదురు. కనుక ఓడలోని ప్రతి సీసాకు లెక్క కలదు. లెక్కలో లేని సీసాలు ఓడలో తిరుగాడుట ఓడ యజమానికి తలనొప్పి.

ఈ చిక్కు నేటిది కాదు. అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధము అమలులో నుండెను. అమెరికా జలములలోనికి వచ్చిన విదేశనౌకలు ముద్రవేసిన మద్యమునైనను ఉంచుకొనరాదని 1923 లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. మరుసటి సంవత్సరము బ్రిటనుతో ఒడంబడిక చేసికొని, ముద్రవేసియున్నచో ఉంచుకొనవచ్చునని ఒప్పుకొనిరి. ఆ దినములలోనే, ఎచ్చటికిని పోక, సముద్రములోనికి పోయి త్రాగి తిరిగివచ్చుటకై ప్రత్యేకముగా ఓడలు బయలుదేరెడివి. గమ్యము లేని విహారయాత్ర అను ఆచారమునకు ఇది ఒక మూలము.

ఓడలోని సంగతి ఇట్లుండగా, రాయదుర్గపు ప్రయాణికునకు అంతకంటె ముందే వేరొక గడప అడ్డుపడును. విశాఖపట్నము చేరవలెనన్న రాష్ట్రపు ఎల్ల దాటవలెను. మన రాజ్యాంగమున మత్తుపానీయములపై అధికారము, వానిపై పన్ను విధించు అధికారము రాష్ట్రములకు చెందినవి. కనుకనే ఆంధ్రరాష్ట్రపు తొలి మంత్రివర్గము 1954 నవంబరులో మద్యనిషేధ విషయముననే అవిశ్వాసమునకు లోనై పడిపోయినది. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997 లో అది సడలినది. మన రాష్ట్రములలో మద్యము కేవలము ఒక సరకు కాదు. అది ప్రభుత్వముల నెత్తిన, దించిన విషయము. ఒక రాష్ట్రమున పన్ను చెల్లించి, ఆబ్కారీ శాఖవారి చీటీ మూతపై గల సీసా, ఎల్ల దాటగానే పన్ను చెల్లింపని సీసా యగును.

తెలంగాణనుండి మూడు సీసాల వరకు తెచ్చుకొనవచ్చునని 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పినది. ఆ సంవత్సరముననే ప్రభుత్వము నియమమును మార్చి, అనుమతిపత్రము లేనిదే ఇతర రాష్ట్రముల మద్యము తేరాదని కట్టడి చేసినది. రెండు నెలలలోనే ఒప్పు తప్పుగా మారినదని గ్రహింపవలెను. కావున బయలుదేరు వారమున అమలులోనున్న నియమము నే ఆబ్కారీ కార్యాలయముననో విచారించుకొనుట మేలు. నిరుటి జ్ఞాపకమును నమ్ముకొనరాదు. ఇది హైదరాబాదునకు వచ్చువారికిని వర్తించును. గోవానుండి విమానమున దిగిన ప్రయాణికుల సామానులో ఆబ్కారీ అధికారులు సీసాలను పట్టుకొనిన ఘటనలు శంషాబాదునందు పలుమారులు జరిగినవి. అదే శంషాబాదులో, సింగపూరునుండియో దుబాయినుండియో దిగినవారు మాత్రము తలకు రెండు లీటర్ల వరకు సుంకము లేకుండ తెచ్చుకొనవచ్చును. దూరదేశపు సీసాకు దారి యున్నది, పొరుగు రాష్ట్రపు సీసాకు లేదు! మొదటిది కేంద్రపు కస్టమ్సు నియమము, రెండవది రాష్ట్రపు ఆబ్కారీ నియమము. ఈ భేదము తెలియకనే చాలమంది చిక్కుపడుచున్నారు.

బొంబాయి రేవునుండి ఓడ యెక్కువారికి ఇంకొక గడప. అచ్చట 1949 నాటి మద్యనిషేధ చట్టము నేటికిని అమలులో నున్నది. దాని ప్రకారము మద్యము కొనుటకు, దగ్గరనుంచుకొనుటకు, త్రాగుటకు అనుమతిపత్రము ఉండవలెను. ఆ రేవునుండి నౌకలు లక్షద్వీపములకు పోవుచుండును. ఆ దీవులలో బంగారము అను దీవి తప్ప తక్కిన చోట్ల మద్యనిషేధము అమలులో నున్నది. ఓడలో చేత పట్టుకొనినదానిని దీవికి దిగునపుడు చేత పట్టుకొనరాదు. ఏరు దాటుదాక ఓడమల్లయ్య, ఏరు దాటిన తరువాత బోడిమల్లయ్య అని మన సామెత. సీసా విషయమున ఇది అక్షరాల నిజము.

విమానమున పోవువారికి కూడ ఒక మాట. నూటికి 24 పాళ్లకు మించి 70 పాళ్ల వరకు ఆల్కహాలు గల మద్యము, దుకాణపు మూత విప్పనిది, తలకు 5 లీటర్ల వరకు సామానులో పంపవచ్చును. 70 పాళ్లకు మించినది అసలే పనికిరాదు. ఇది మంటలంటుకొను ప్రమాదమును బట్టి ఏర్పడిన విమానభద్రతా నియమము మాత్రమే. విమానము ఒప్పుకొనినంత మాత్రమున దిగు రాష్ట్రము ఒప్పుకొనినట్లు కాదు.

అమెరికాలో, ముఖ్యముగా టెక్సాసులోని డల్లాసు, హ్యూస్టను నగరములలో, మన తెలుగువారు చాలమంది కలరు. చూడవచ్చిన తలిదండ్రులను గాల్వెస్టన్ రేవునుండి మెక్సికో తీరమునకు ఓడలో త్రిప్పి తెచ్చుట వారిలో పలువురకు వేడుక. తిరిగివచ్చునపుడు 21 సంవత్సరములు నిండినవారికి సాధారణముగా ఒక లీటరు వరకు కేంద్రసుంకము లేదు. అయితే అంతటితో తీరలేదు. టెక్సాసు రాష్ట్రపు మద్యపానీయముల శాఖవారు ఆ రేవునందే బల్ల వేసికొని కూర్చుండి, తెచ్చిన సీసాలపై రాష్ట్రపు పన్నును వేరుగా వసూలు చేయుదురు. మన ఆబ్కారీ చీటీకి, వారి బల్లకు మూలసూత్రము ఒక్కటే. ఎల్ల దాటిన సీసా మరల పన్ను చెల్లింపవలెను.

కుటుంబములు గమనింపవలసిన మరియొక సంగతి పానీయపు పథకము. దినమునకు ఇంతయని ముందుగా చెల్లించినచో కోరిన పానీయములు ఇత్తురు. కాని ఒకే గదిలోని పెద్దవారిలో ఒకరు ఈ పథకమును కొనినచో తక్కిన పెద్దవారును కొనవలెనని పలు సంస్థల నిబంధన. ఒకరు కొని నలుగురు పంచుకొందురను భయము ఇందుకు కారణము. భర్త త్రాగును, భార్య త్రాగదు. కుమారుడు త్రాగును, అదే గదిలోని తండ్రి త్రాగడు. అట్టి యింట ఈ పథకము త్రాగనివారి పేరిట కూడ సొమ్ము లాగును. అట్టివారికి అనుమతింపబడిన ఒక్క వైను సీసాయో, విడిగా కొనిన రెండు గ్లాసులో మేలగును. విడిగా కొనినపుడు ధరపై సేవారుసుము కూడ చేరునని మరువరాదు.

ఇంటి ఇల్లాండ్రు అడుగవచ్చును: వైను సీసా సంగతి సరే, ఆవకాయ జాడీ సంగతి యేమి? ఇది నవ్వుటకు చెప్పుచున్నది కాదు. అనేక నౌకలలో ఇంట వండిన, ఇంట పెట్టిన పదార్థములను రానీయరు. దుకాణములో మూతవేసి అమ్మినవానిని మాత్రమే అనుమతింతురు. మూతపై ముద్ర గల వైను లోనికి పోయి, అమ్మ చేతి ఆవకాయ గుమ్మముననే ఆగిపోవుట జరుగవచ్చును. ఓడలో వందలాది జనమునకు ఒకే గాలి, ఒకే నీరు. ఒకరి కడుపు చెడినచో నలుగురికి ప్రాకును. పచ్చడి లేక ముద్ద దిగని పెద్దలున్నచో అంగడిలో మూతవేసి అమ్మునట్టి సీసాను కొని వెంటనుంచుకొనుట యుక్తము.

ఇంతవరకు చెప్పినదానిని నాలుగు ప్రశ్నలుగా కూర్చుకొనవచ్చును. ఈ సీసా కొనిన రాష్ట్రమునుండి ఓడ యెక్కు రాష్ట్రమునకు దీనిని తీసికొనిపోవచ్చునా? ఈ నౌకలో, ఈ సంవత్సరమున, ఎన్ని సీసాలకు, ఏ సంచిలో, ఏ దినమున అనుమతి యున్నది? దిగు ప్రతి ఊరిలోను దీనిని చేతబట్టవచ్చునా? తిరిగివచ్చునపుడు ఎంతవరకు సుంకము లేదు, ఎవరికి చెప్పుకొనవలెను? మొదటిది ఆబ్కారీ శాఖవారిని, రెండవది టిక్కెట్టుతో వచ్చిన నియమావళిని, మూడవది నౌకలోని సమాచారపు బల్లను, నాలుగవది కస్టమ్సువారిని అడుగదగినవి. నాలుగింటిలో ఏ ఒక్కదానికి సమాధానము దొరకకపోయినను సీసాను ఇంటనే యుంచుట మంచిది. అడిగినచో చెప్పెదరు; అడుగక దాచినచో పట్టుకొందురు.

మనము ఊరు విడిచి పోవుచున్నపుడు మన యింటి అలవాటులు మనతో వచ్చును గాని, మన యింటి చట్టము రాదు. ప్రతి గడపకు ఒక యజమాని కలడు. రాష్ట్రపు ఎల్లయొద్ద ప్రభుత్వము, ఓడలో కప్తాను, రేవునందు సుంకపు అధికారి. సీసా వెల వెయ్యి రూపాయలో రెండు వేల రూపాయలో కావచ్చును. దానికై వృద్ధులైన తలిదండ్రులను వరుసనుండి ప్రక్కకు పిలిపించుకొనుట, కూడబెట్టుకొనిన సెలవులలో ఒక పూట విచారణగదిలో గడపుట తగదు. పెట్టెలు కట్టునాడే ఇంటివారందరు కూర్చుండి, ఎవరి సంచిలో ఏమున్నదో ఒకరికొకరు చెప్పుకొనినచో, ఓడ కదలినపుడు చూడవలసినది సముద్రమే గాని తనిఖీదారుని ముఖము కాదు.